మంచాల టెండరు వేరేవాళ్ళకు పోయింది: లోకల్ యూనిట్ తరఫున హైకోర్టుకు వెళ్ళొచ్చా?

లెక్కల తమ్ముడు:
మా పారిశ్రామికవాడలో ఆసుపత్రి మంచాలు చేసే చిన్న యూనిట్‌కు నేను లెక్కలు చూస్తాను. ఈమధ్య ఒక రాష్ట్ర ప్రభుత్వ సంస్థ వార్డు మంచాలకు టెండరు పిలిచింది. మేం ఎల్2, అంటే తక్కువ ధరలో రెండోవాళ్ళం. పక్క రాష్ట్రం కంపెనీ మాకంటే 9 శాతం తక్కువకు కోట్ చేసి ఎల్1 వచ్చింది, ఆర్డరూ వాళ్ళకే ఖాయం చేశారు.

పైపు మందం 18 గేజ్ ఉండాలి, ల్యాబ్ రిపోర్టు బిడ్‌తోపాటే పెట్టాలి, లేకపోతే బిడ్ తిరస్కరిస్తాం అని టెండరులో స్పష్టంగా ఉంది. ఎల్1 వాళ్ళ రిపోర్టు మీద ఉన్న తేదీ చూస్తే గడువు ముగిసిన ఆరు రోజుల తర్వాతది! రిపోర్టు లేదని ఇంకో యూనిట్‌ను మాత్రం ధరలు చూడకముందే, టెక్నికల్ బిడ్‌లోనే తీసేశారు.

మా ఓనరు గారు ఈ తేదీ సంగతి పక్కన పెట్టి, "మనం లోకల్, చిన్న పరిశ్రమల దగ్గర 25 శాతం కొనాలని రూలుంది, దాని మీదే హైకోర్టులో రిట్ పిటిషన్ వేద్దాం" అంటున్నారు. మీరేమంటారు?

పన్ను కట్టేవాడు:
వద్దంటాను. 9 శాతం ఎక్కువ పెట్టి ఎందుకు కొనాలి? ఆ డబ్బు మనందరిదీ. ఓడిన ప్రతివాడూ కోర్టుకెక్కితే వార్డులో రోగులు నేల మీదే పడుకోవాలి. రేపు మీ మంచాలు పక్క రాష్ట్రంలో అమ్ముకోవాలన్నప్పుడు వాళ్ళూ "లోకల్" అంటే ఏం చేస్తారు?

ఓరుగల్లు వకీలు:
తమ్ముడూ, ఓనరు గారి వాదన ముందు పక్కన పెట్టండి. ఆ 25 శాతం 2012 నాటి కేంద్ర ఉత్తర్వుది. ఎల్1 ధరకు 15 శాతం లోపు ఉన్న చిన్న యూనిట్ ఆ ధరకు దిగితే కొంత ఆర్డరు ఇవ్వాలన్నదీ అందులోదే. అది కేంద్ర శాఖలకు, కేంద్ర ప్రభుత్వ సంస్థలకు వర్తిస్తుంది. రాష్ట్ర సంస్థ మీద దాన్ని పట్టుకుని వెళ్తే నిలవదు. 2017 నాటి మేకిన్ ఇండియా ఉత్తర్వులో లోకల్ అంటే దేశంలో తయారైన వాటా. జిల్లా, తాలూకా లెక్క కాదు. మీ రాష్ట్రం జీవో ఏదైనా టెండరు పత్రంలో ప్రస్తావించి ఉంటే అది వేరే సంగతి.

మీ అసలు బలం ఆ ఆరు రోజులే. 1994లో టాటా సెల్యులార్ కేసు నుంచీ కోర్టులు చూసేది నిర్ణయం తీసుకున్న తీరును, నిర్ణయం మంచిదా కాదా అన్నది కాదు. ఒకరిని తీసేసి, ఇంకొకరికి సడలిస్తే ఆ తీరులోనే లోపం ఉన్నట్టు.

1979లో రమణ దయారాం శెట్టి కేసు చూడండి. బొంబాయి విమానాశ్రయంలో రెస్టారెంటుకు రెండో తరగతి హోటల్ నడిపిన అనుభవం అడిగారు, క్యాంటీన్లు నడిపినవాళ్ళకు ఇచ్చారు. తాను పెట్టిన షరతుకు తానే కట్టుబడాలని సుప్రీంకోర్టు తేల్చి చెప్పింది. అయినా కాంట్రాక్టు రద్దు చేయలేదు! అర్జీదారు ఆలస్యంగా వచ్చాడు, ఈలోగా అవతలివాళ్ళు ఖర్చు పెట్టేశారు. కాబట్టి వెళ్తే ఇప్పుడే వెళ్ళాలి.

పన్ను కట్టేవాడు:
వకీలు గారూ, 1991 నాటి పొద్దార్ స్టీల్ కేసు కూడా చెప్పండి మరి. స్టేట్ బ్యాంకు డీడీ అడిగితే టెండరు వేసినవాడు యూనియన్ బ్యాంకు చెక్కు పెట్టాడు, అదేం పెద్ద తప్పు కాదంది కోర్టు. రిపోర్టు ఆరు రోజులు లేటైతే మంచం విరిగిపోతుందా?

ఓరుగల్లు వకీలు:
అవతలి వకీలు సరిగ్గా అదే అంటాడు. కానీ "లేకపోతే తిరస్కరిస్తాం" అని రాసుకున్న షరతును చిన్నదనడం కష్టం. పైగా దాన్నే చూపించి ఇంకొకరిని బయటికి పంపారు.

స్టోర్స్‌లో చేసి రిటైరైనవాణ్ణి:
నేనొక మాట చెప్తాను. 18 గేజ్ అంటే సుమారు 1.2 మిల్లీమీటర్లు, 20 అయితే 0.9. పౌడర్ కోటింగ్ వేశాక కంటికి రెండూ ఒకటే. మంచం తలకిందులు చేసి, కాలికున్న రబ్బరు బుష్ లాగి, పైపు అంచున కోటింగ్ గీకి, మందం కొలిచే వెర్నియర్ పెడితే గానీ బయటపడదు. ఆ 9 శాతం తేడా అక్కడి నుంచే వచ్చిందేమో ఎవరైనా చూశారా? రిపోర్టు ముందే అడిగేది ఇందుకే. గడువు తర్వాత తెచ్చిన రిపోర్టు ఏ శాంపిల్‌దో ఎవరికి తెలుసు?

రిట్ కంటే ముందు ఆ సంస్థ ఎండీకి రాతపూర్వకంగా అభ్యంతరం ఇచ్చి, రసీదు తీసుకోండి. శాంపిల్ మంచాన్ని అందరి ముందూ కొలవమని అడగండి. అగ్రిమెంట్ అయిపోతే మీ మాట వినే నాథుడుండడు.

పన్ను కట్టేవాడు:
కొలవమనడం వరకు నాకూ ఓకే. తమ్ముడూ, ఒక్కటి చెప్పు. వాళ్ళను తీసేస్తే మీరు ఎల్1 ధరకే ఇస్తారా?

లెక్కల తమ్ముడు:
ఇవ్వలేం అన్నా. 18 గేజ్‌తో ఆ ధర మాకు గిట్టదు. ఓనరు గారు 4 శాతం వరకు తగ్గుతామన్నారు, అదీ అభ్యంతరం లెటర్‌లోనే రాయిస్తున్నాను. "మేము స్థానికులం" అన్న పేరా తీసెయ్యమంటే ఆయన ఒప్పుకోవట్లేదు, చివరి పేజీకి మాత్రం మార్చాను. సోమవారం ఇస్తున్నాం. వకీలు గారూ, రిట్ కాగితాలు కూడా ఈలోగా సిద్ధం చేసుకోమంటారా?

ఓరుగల్లు వకీలు:
చేసుకోండి. టెండరు పత్రం, ఆ రిపోర్టు, తీసేసిన యూనిట్‌కు ఇచ్చిన తిరస్కరణ లెటర్, మూడూ కావాలి. ఆ మూడోది ఆ యూనిట్‌వాళ్ళనే అడిగి తెచ్చుకోండి, అది లేకపోతే కేసు సగమే.