మూడో తరగతి ప్రాజెక్టు అమ్మానాన్నలు చేసిపెట్టడం తప్పా?

పానగల్లు రోడ్డు:
నేను నల్గొండలో డిగ్రీ, పీజీ పిల్లలకు చరిత్ర చెబుతాను. ఊరి చివర కొత్తగా లేచిన కాలనీలో ఉంటాం. మా పాప మూడో తరగతి. పోయిన నెల బడిలో జిల్లా కట్టడాల మీద మోడల్ చేసుకురమ్మన్నారు. పాప ఛాయా సోమేశ్వరాలయం చేస్తానంది.

ఆదివారం పానగల్లు తీసుకెళ్లాం. చూసినవాళ్లకు తెలుసు, అది ఒకప్పుడు ఈ ప్రాంతాన్ని ఏలిన కందూరు చోడుల కాలం నాటి త్రికూటాలయం, అంటే మూడు గర్భగుళ్లున్న గుడి. ఒక గర్భగుడిలో లింగం వెనక గోడ మీద పగలంతా ఒక నీడ కదలకుండా ఉంటుంది. పాప బయటికి వచ్చి ఆ నీడ ఏ స్తంభానిదో వెతికింది, దొరకలేదు. అది ఒక్క స్తంభానిది కాదని, వేర్వేరు వైపుల నుంచి వచ్చే వెలుతురు స్తంభాల మధ్య నుంచి లోపలికి పడటం వల్ల ఏర్పడుతుందని చెప్పాను. సగం అర్థమైనట్టు తలూపింది.

ఇంటికొచ్చి అట్టపెట్టె గుడి, అరిగిపోయిన పెన్సిళ్ల స్తంభాలు, అగ్గిపెట్టెల మెట్లు చేసింది. ఒక ఫోను టార్చి వేసి అటూ ఇటూ జరిపితే నీడ కూడా జరిగింది. అప్పుడు వాళ్ల నాన్న ఫోను కూడా లాక్కుని రెండూ రెండు వైపుల నిలబెట్టింది. రెండు నీడలు కలిసిన చోట నల్లటి గీత ఒకటి పడింది. ఆ రాత్రి ఇల్లంతా చీకటి చేసి ఎన్నిసార్లు చూపించిందో!

ప్రదర్శన రోజు బడికి వెళ్తే ముందు వరుసలో థర్మాకోల్ భువనగిరి కోట, 26 గేట్లూ లెక్క తప్పకుండా నాగార్జునసాగర్ డ్యామ్ ఉన్నాయి. సగం షాపులో కొన్నవి, సగం పెద్దవాళ్లు చేసినవి. పాప గుడి వెనక బెంచీ కింద ఉంది. ఫోన్లు తేకూడదు కాబట్టి నీడ ఎవరికీ కనిపించలేదు. పదికి నాలుగు వేసి 'నీట్‌గా లేదు' అని రాశారు.

దారిలో పాప అడిగింది: "అందరమ్మలూ చేశారు, నువ్వెందుకు చేయలేదమ్మా?"

రెండు రోజులుగా అదే ఆలోచన. చేసిపెట్టకపోవడం నా తప్పా? నిజాయితీగా చెప్పండి.

పాలమూరు అమ్మ:
మేడమ్, నేను చేసిపెడతాను. అందులో నాకు సిగ్గు లేదు.

నేను మహబూబ్‌నగర్‌లో బ్యాంకులో పనిచేస్తాను. ఇంటికి చేరేసరికి ఏడున్నర. తొమ్మిదిన్నరకు వాట్సాప్ గ్రూపులో 'రేపు సోలార్ సిస్టమ్ మోడల్ తేవాలి' అని వస్తుంది. ఆ వేళప్పుడు ఏ షాపు తెరిచి ఉంటుంది? ఏడేళ్ల పిల్లవాడిని పదకొండింటి దాకా కూర్చోబెట్టి నువ్వే చెయ్యి నాన్నా అంటానా? వాడిని పడుకోబెట్టి నేనే చేస్తాను.

ఇంకో మాట. మా అమ్మానాన్నలు బొంబాయికి వలసపోయి మట్టి పని చేశారు. నేను అమ్మమ్మ దగ్గర పెరిగాను. చార్టు కొనడానికి రెండు రూపాయలు లేక తరగతి బయట నిలబడ్డ రోజులు ఉన్నాయి. అన్నీ సొంతంగానే చేసుకున్నాను, ఎందుకంటే చేసిపెట్టేవాళ్లు లేరు. దాన్ని గొప్ప చదువు అని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. నా కొడుకు వెనక నేను ఉన్నానని వాడికి తెలియాలి.

కోదాడ నుంచి:
మేం షాపులోనే కొంటాం. మా ఆయన షిఫ్టుల్లో, నేను కుట్టు మిషను మీద. మార్కులు కావాలి, టైమ్ లేదు. అంతే అక్కా.

వనపర్తి డ్రాయింగ్ మాస్టారు:
బొమ్మలు నేర్పేవాడిగా ఒక మాట. 'ఎవరి చేత్తో చేశారు' అన్నది ఒక్కటే కొలత అయితే ఈ కాలపు కళలో సగం చెల్లదు.

సాల్ లెవిట్ అనే అమెరికా కళాకారుడు 1968 నుంచి గోడల మీద వేసే బొమ్మలకు సూచనలు రాసి ఇచ్చేవాడు. గీతలు గీసింది చాలావరకు వేరేవాళ్లు. 2010లో చైనా కళాకారుడు అయ్ వేవే లండన్‌లోని టేట్ మోడర్న్ మ్యూజియంలో పది కోట్ల పింగాణీ పొద్దుతిరుగుడు గింజలు పరిచాడు. వాటిని చేసి, ఒక్కోటీ రంగు వేసింది చైనాలోని జింగ్‌డెజెన్ ఊళ్లో దాదాపు 1,600 మంది పనివాళ్లు. 2019లో ఇటలీ కళాకారుడు మౌరిజియో కాటెలాన్ అరటిపండును టేపుతో గోడకు అంటించాడు. 2024లో ఆ కృతి 62 లక్షల డాలర్లకు అమ్ముడుపోయింది. కొన్నవాళ్లకు దక్కేది ఒక సర్టిఫికెట్, ఎలా అంటించాలో చెప్పే సూచనలు. పండు మారుతూనే ఉంటుంది.

ఇవి నచ్చాలని నేను అనడం లేదు. పండు నాకూ నచ్చదు, గింజలు మాత్రం చాలా ఇష్టం. కానీ ఈ ముగ్గురూ ఎవరు చేశారో దాచలేదు. ఆలోచన తమది, చేతులు వేరేవాళ్లవి అని చెప్పే చేశారు. షాపు డ్యామ్‌లో పిల్లవాడి చెయ్యీ లేదు, ఆలోచనా లేదు. మీ పాప గుడిలో రెండూ ఉన్నాయి.

అయితే మేడమ్, మీరు ఏమీ చేయలేదని మాత్రం అనకండి. గుడికి తీసుకెళ్లారు, నీడ సంగతి చెప్పారు, రెండు ఫోన్లు ఇచ్చారు. అది కూడా చేసిపెట్టడమే. మీకు ఆదివారం ఉంది. కోదాడ చెల్లెకు లేదు.

పాలమూరు అమ్మ:
చివరి మాట బాగా చెప్పారు మాస్టారూ. కానీ ఆ కళాకారులకు పేరు వచ్చాక గింజలు ఎవరు చేసినా పర్వాలేదు. మా వాడికి పదికి నాలుగు వస్తే, ఆలోచన వాడిదే అని చూసేది ఎవరు?

మిర్యాలగూడ టీచర్:
మార్కులు వేసేవాళ్ల వైపు నుంచి కూడా వినండి. నా తరగతిలో 42 మంది ఉన్నారు. ఏటా నాలుగు ఫార్మేటివ్ పరీక్షలు, ప్రతిదాంట్లో ప్రాజెక్టు పనికి మార్కులు ఉంటాయి. హైస్కూలుకు 20లో 5. సబ్జెక్టుకు ఒకటి చొప్పున లెక్క వేసుకుంటే ఎన్ని మోడళ్లో మీరే చూడండి. పెట్టడానికి బడిలో చోటు కూడా ఉండదు.

ప్రదర్శన రోజు ఫోటోలు తీస్తారు, అవే అడ్మిషన్ల పాంప్లెట్‌లో వేస్తారు. అందంగా ఉన్నవి ముందు పెట్టండి అని పైనుంచి చెబుతారు. నేను పెట్టాను. అట్టముక్కలతో ఒక బాబు తెచ్చిన బావిని నేనే కిటికీ వెనక పెట్టాను. చేద కూడా కట్టాడు, తాడు లాగితే పైకి వస్తుంది. సాయంత్రం వాడు దాన్ని తీసుకుపోతుంటే గమనించాను. ఆ పాప గుడి సంగతి చదువుతుంటే ఆ బావే గుర్తొచ్చింది. చాలా బాధేసింది.

తల్లిదండ్రులదీ తప్పు ఉంది. సొంతంగా చేసిన మోడల్‌కు పది వేస్తే, మేం పన్నెండొందలు ఖర్చుపెట్టాం, మాకు ఏడేనా అని అడిగినవాళ్లు ఉన్నారు.

పుట్టపాక అన్న:
మాది తేలియా రుమాలు నేసే ఊరు. మా ఇళ్లలో 'చేసిపెట్టడం' అనే మాటే లేదు. చిటికి కట్టేటప్పుడు, అంటే రంగు అంటకుండా దారానికి ముడులు వేసేటప్పుడు, పిల్లలు పక్కన కూర్చుంటారు. మొదట దారం అందిస్తారు, తర్వాత ముడి వేస్తారు, కొన్నేళ్లకు డిజైన్ అర్థమవుతుంది. చీర ఒక్కరిది కాదు, ఇంటిల్లిపాదిది.

దాన్ని పొగడటానికే రాయడం లేదు. ఆసు పోయడం, అంటే నేతకు ముందు దారాన్ని మేకుల చుట్టూ తిప్పడం, చూసినవాళ్లకు తెలుసు. ఒక్క చీరకు తొమ్మిది వేలసార్లు చెయ్యి అటూ ఇటూ ఆడించాలి. మా అమ్మ భుజం ఇప్పటికీ పైకి లేవదు. ఆలేరు దగ్గర శారాజీపేట చింతకింది మల్లేశం తన తల్లి కష్టం చూసి 1999లో ఆసు యంత్రం చేశారు, 2017లో పద్మశ్రీ వచ్చింది. ఆయన్ని ఎవరూ ప్రాజెక్టు చేయమనలేదు. పక్కన కూర్చుని చూసీ చూసీ పుట్టిన ఆలోచన అది.

అందుకే పాలమూరు అక్కకు ఒక్కటే చెబుతా. చేసిపెట్టండి, కానీ బాబును పడుకోబెట్టి కాదు. పక్కన కూర్చోబెట్టుకుని చేయండి. అరగంట చాలు.

పానగల్లు రోడ్డు:
అందరికీ ధన్యవాదాలు. పాలమూరు అమ్మ గారూ, మీరు తరగతి బయట నిలబడ్డ మాట చదివాక నా పోస్టు మళ్లీ చదువుకున్నాను. నాకున్న ఆదివారాన్ని నేను లెక్కలో వేసుకోలేదు. మాస్టారు చెప్పింది నిజం.

కానీ ఈ విషయం నన్ను ఎందుకు ఇంత కలవరపెడుతుందో చెప్పాలి. ప్రతి ఏడూ పీజీ పిల్లల ప్రాజెక్టు వైవాలు, అంటే మౌఖిక పరీక్షలు, చేస్తాను. పొద్దున మూడు క్లాసులు, మధ్యాహ్నం కాలేజీకి గ్రేడు ఇచ్చే న్యాక్ కోసం ఫైళ్లు, ఆ తర్వాత వైవా. మొన్న ఒక అమ్మాయి నున్నటి బైండింగ్‌తో ప్రాజెక్టు తెచ్చింది. రెండో అధ్యాయంలో ఏం రాశావమ్మా అంటే తల వంచుకుంది. కృతజ్ఞతల పేజీలో వేరే కాలేజీ పేరు ఉంది. టైపింగ్ సెంటర్‌లో కొన్నది. పీహెచ్‌డీ లాంటి సిద్ధాంత వ్యాసాల్లో కాపీ మీద యూనివర్సిటీలను పర్యవేక్షించే యూజీసీ 2018లో నిబంధనలు తెచ్చింది. పోలిక పది శాతం దాటితే ఒక మెట్టు, నలభై దాటితే ఇంకోటి, అరవై దాటితే రిజిస్ట్రేషనే రద్దు. సాఫ్ట్‌వేర్ శాతం చెబుతుంది. ఆ అమ్మాయి పక్కన ఎప్పుడైనా ఎవరైనా కూర్చున్నారా అన్నది ఏ సాఫ్ట్‌వేరూ చెప్పదు. ఆమె మీద నాకు కోపం రాలేదు. మూడో తరగతి నుంచీ ముందు వరుసలో పెట్టింది కొన్న మోడల్‌నే కదా.

కాబట్టి ఎవరు అతికించారని అడగడం మానేద్దాం. నేను కోరేది ఒక్కటే. మూడో తరగతిలోనూ వైవా పెట్టండి, రెండే ప్రశ్నలు. ఇది ఎలా చేశారు? ఇందులో నీకు నచ్చిందేంటి? అమ్మ చేసినా సరే, పక్కన కూర్చున్న పిల్లలు చెప్పగలరు. పడుకున్న పిల్లలు చెప్పలేరు. మార్కులు దానికే వేయండి. టీచర్ గారూ, ఇది జరిగే పనేనా?

మిర్యాలగూడ టీచర్:
ఒక్కొక్కరికి రెండు నిమిషాలు అనుకుంటే 84 నిమిషాలు, అంటే రెండు పీరియడ్లు. డ్రాయింగ్ పీరియడ్, లైబ్రరీ పీరియడ్ కలిపి తీసుకోవచ్చు. ప్రదర్శనలో మార్పు నా చేతిలో లేదు, మార్కులు మాత్రం నా చేతిలోనే ఉన్నాయి. వచ్చే ఫార్మేటివ్‌కు చేసి చూస్తాను. అడగకముందే గ్రూపులో చెప్పాలి, లేకపోతే పిల్లలకు బట్టీ పట్టించి పంపుతారు. కాదు, ముందు చెప్పకపోవడమే మేలేమో. ఆలోచిస్తాను.

పాలమూరు అమ్మ:
బట్టీ పట్టిస్తారు, నిజమే. నేనూ పట్టిస్తానేమో.

అన్నా, మీరు చెప్పినట్టు అరగంట కూర్చోబెట్టి చూస్తా. కానీ మెసేజ్ తొమ్మిదిన్నరకు కాకుండా రెండు రోజుల ముందు పెట్టాలి. అది ఒప్పుకుంటేనే మిగతావన్నీ.

మిర్యాలగూడ టీచర్:
న్యాయమైన మాట. నా వరకు ఒప్పుకుంటున్నాను.

పానగల్లు రోడ్డు:
పాలమూరు అమ్మ గారూ, మీ నుంచి ఒక సాయం కావాలి. ఈసారి చెట్ల మీద ప్రాజెక్టు ఇచ్చారు, పది రోజుల టైమ్ ఉంది. 2018లో మీ మహబూబ్‌నగర్‌లోని పెద్ద మర్రిచెట్టు పిల్లలమర్రికి చెదలు పట్టినప్పుడు మందు కలిపిన సెలైన్ సీసాలు కొమ్మలకు కట్టారని చెప్పాను. చెట్టుకు సెలైనా అని పాప ఇంక వదలడం లేదు. సీసాలు కొమ్మలకు ఎలా వేలాడదీశారు, సూది ఎక్కడ గుచ్చారు అని అడుగుతోంది. నాకు తెలియదు.

పాలమూరు అమ్మ:
మా ఇంటి నుంచి పిల్లలమర్రి దగ్గరే. ఆ రోజుల్లో చూశాను, ఊడలకు, కొమ్మలకు వరసగా సీసాలు. శనివారం మా వాడిని తీసుకెళ్తాను. ఇప్పుడు ఆసరా దిమ్మెలు ఎక్కడెక్కడ కట్టారో వాడితోనే ఫోటోలు తీయిస్తా. పాపను ప్రశ్నలు రాసి పంపమనండి. వాడే అడిగి రాసుకొస్తాడు.