కాకర విత్తనం ముక్కు చిదమాలా, వద్దా?

పందిరి రైతు, కల్యాణదుర్గం:
400 కాకర విత్తనాలు పెడితే 70 కూడా మొలవలా. ముక్కు చిదమకుండా పెట్టినావు, తప్పు నీదే అంటాడు అంగడాయన. మా నాయన ఏనాడూ చిదమలేదు. నానబెట్టి తడిగుడ్డలో కట్టేవాడు, అంతే.

మాస్టారు, ప్రొద్దుటూరు:
చిదమాలప్పా. దోస గింజ పెంకు పల్చన, కాకరది మందం. పూవులో గింజగా మారే అండానికి రెండు పొరలుంటాయి. లోపలిది గింజ ముదిరేలోపే నలిగిపోతుంది. బయటిదే వరసలు వరసలుగా పెరిగి, అందులో ఒక వరస రాయిలా గట్టిపడుతుంది. దాని కింద బెండులాంటి మెత్తటి వరస. నెయిల్ కట్టర్‌తో మొన దగ్గర కొంచెం నొక్కితే చాలు, పప్పుకు తగలకూడదు.

ఆదోని 22:
నేను ఇసుకలో రుద్దుతా. పనిచేస్తాది.

పందిరి రైతు:
నీళ్ళు పోవనే కదా చిదమమనేది? నేను 2 రాత్రులు నానబెట్టినా, గింజలు ఉబ్బినాయి కూడా!

మాస్టారు:
నీళ్ళని నేనెక్కడన్నాను? గాలి ఆడాలి. అంతసేపు నానితే బెండు వరస నిండా నీళ్ళు చేరి పప్పుకు ఊపిరందదు.

మైదుకూరు తమ్ముడు:
చలికి మొలవలేదేమో అన్నా.

పందిరి రైతు:
మార్చిలో పెట్టినా, చలి మాట ఎత్తొద్దు. సార్, మీ మాటే పట్టుకుని అంగడాయన నన్ను తప్పుపడతాడు. రాతికూసాలు, తీగ అన్నీ వేసుకుని కూర్చున్నా. ఇత్తనాల డబ్బు ఎవరిస్తారు?

మాస్టారు:
ఇదా నీ బాధ! మొదటే చెప్పుంటే సరిపోయేది. ప్యాకెట్‌లో మిగిలిన గింజలు పగలగొట్టి చూడు. పెంకు తల్లి తీగ ఒంట్లోది. లోపల పిండం సరిగా పెరగకపోయినా పెంకు తయారవుతుంది. గింజల్లేని కళింగరలో, అదే పుచ్చకాయలో, తెల్లగా కనిపించేవి ఒట్టి పెంకులే. పైన చూసి విత్తనం మంచిదని అంగడాయన కూడా చెప్పలేడు.

పందిరి రైతు:
20 పగలగొట్టినా. 8 గింజల్లో పప్పు ఉల్లిపొరంత, పెంకు మాత్రం దిట్టం. 12 బాగున్నాయి.

మాస్టారు:
ఆ 8 విత్తనం అమ్మినవాళ్ళ తప్పే. మిగతావాటికి నీ రెండు రాత్రుల నానబెట్టడం కారణం.

పందిరి రైతు:
అది నేను ఒప్పుకోను సార్. ఇంకా 30 గింజలున్నాయి. సగం చిదిమి, సగం చిదమకుండా ఒక్క రాత్రే నానబెడతా. మొలకలు ఇక్కడే ఫోటో పెడతా. ఆ 8 పెంకులు పొట్లం కట్టినా, రేపు పొద్దున అంగడికి తీసుకుపోతాండా.