ఐరిష్ ‘కీనా’కు మన ‘తురుపుముక్క’ సరిపోతుందా?

పెద్దలకు నమస్కారం. నేను ఐర్లండ్‌లో గాల్వే దగ్గర ఉంటున్నాను. పక్కింటి పెద్దాయన ఈ చలికాలమంతా వంటింటి బల్ల దగ్గర కూర్చోబెట్టి నాకు ‘ఇరవై అయిదు’ పేకాట నేర్పుతున్నారు. మొన్న ఎవరినో మెచ్చుకుంటూ ‘కీనా’ అన్నారు. ఐరిష్‌లో ఆ మాటకు తురుపు అయిదు అని అర్థం, మేటి మనిషి అని కూడా. ఫోన్‌లో మా చెల్లికి ‘తురుపుముక్క’ అని చెప్పాను గానీ నాకే తృప్తిగా లేదు. ఎందుకో చెప్పాలంటే ఆట చెప్పాలి.

మనిషికి అయిదు ముక్కలు, మూడు ఒకసారి, రెండు ఒకసారి పంచుతారు. ఆ తర్వాతి ముక్క తిరగేస్తే అదే తురుపు రంగు. పట్టుకు 5 చొప్పున ముందు 25 చేసినవాళ్లది గెలుపు. తురుపులో అన్నిటికన్నా పెద్దది రాజు కాదు, ఆసు కాదు, అయిదు! దాని కింద జాకీ. మూడోది ఎప్పుడూ ఆఠీను ఆసే, తురుపు ఏ రంగైనా సరే. ఆ తర్వాతే తురుపు ఆసు, రాజు, రాణి. అంకెల ముక్కల్లో ఎరుపైతే పదిది పెద్దది, నలుపైతే రెండుది పెద్దది. ఇది తలకెక్కడానికి నాకు వారం పట్టింది.

ఒకరోజు కళావరు తురుపు. ఆయన కళావరు రాజు దిగారు. నా చేతిలో ఉన్న తురుపు ఒక్క అయిదే. రంగు ఉంటే వేయాలి కదా అని వేసేశాను. ఆయన దాన్ని మెల్లగా నా చేతిలోకి తోసి, వేరే రంగు ముక్క పారేయమన్నారు. అయిదు, జాకీ, ఆఠీను ఆసు, ఈ మూడింటికీ ఆ హక్కు ఉందట: తమకన్నా చిన్న తురుపు దిగితే బయటికి రానక్కర్లేదు. అయిదుకన్నా పెద్దది లేదు కాబట్టి, దిగిన తురుపు ఏదైనా దాన్ని బలవంతంగా లాగలేదు. మన తురుపుముక్క రెండుదైనా తురుపుముక్కే. కీనా ఒక్కటే.

— అక్కా, ముక్కనీ మనిషినీ ఒకే మాటలో ఇరికించకండి. ముక్కకు ‘తురుపు అయిదు’ చాలు. మనిషికి ‘మొనగాడు’ ఉండగా వేరే మాట దేనికి? ‘తురుపుముక్క’ అంటే మనకు చివరి అదనుకు దాచుకున్న ఆయుధం. ఆ దాచుకోవడం మీ ఆటలో ఉంది గానీ, ‘కీనా’ అనే పొగడ్తలో లేదు.

ఇంకొకటి. డచ్చి భాషలో ఆఠీను ‘హార్టెన్’, కళావరు ‘క్లావెర్’, తురుపు ‘ట్రూఫ్’. 1605 నుంచే డచ్చివాళ్లు మచిలీపట్నంలో వర్తకం చేశారు. ఈ పోలిక ఊరికే వచ్చిందంటే నేను నమ్మను.

— తమ్ముడూ, ‘మొనగాడు’ దగ్గర నా మనసు కుదిరింది. ఐరిష్‌లోనూ ఆఠీను ‘హార్టే’, ఇంగ్లీషు నోట విన్నట్టే. ఇక మిగిలింది ఒక్కటి: చేతిలో రంగు ఉండీ, నియమం ఒప్పుకోగా, వేయకుండా అట్టేపెట్టుకోవడం. ‘దాచుకోవడం’ అంటే దొంగాట అనుకుంటారు. మీ ఊళ్ల పేకాటలో దీనికి మాట ఉంటే, ఏ ఊరో కూడా చెప్పి రాయండి.