పచ్చడి సీసాల మూతలకు పట్టిన వాసన పోయేదెలా?

ఆవకాయ, గోంగూర పచ్చళ్లు అయిపోయిన అరకిలో గాజు సీసాలను పారేయకుండా పంచదార, కాఫీపొడి పోసి ఉంచుకోవాలని అనుకుంటున్నాను. గాజు సబ్బునీటితోనే శుభ్రపడింది. చిక్కంతా రేకు మూతలతోనే. మూత లోపలి అంచున ఉండే మెత్తని తెల్లటి పొర కారపు నూనెను పీల్చుకుని ఎర్రబారడంతో, బిగించిన మర్నాటికే సీసా నిండా ఇంగువ, వెల్లుల్లి వాసన పట్టేస్తోంది. వేడినీళ్లలో వంటసోడా కలిపి రాత్రంతా నానబెట్టాను, శనగపిండితో రుద్దాను, నిమ్మచెక్కతో తోమి మిట్టమధ్యాహ్నపు ఎండలో వెల్లకిలా ఆరబెట్టాను. ఎరుపు కొంత తగ్గింది గాని వాసన మాత్రం అలాగే ఉంది. మరిగిస్తే ఆ పొర ఊడిపోయి, గాలి చొరబడి పంచదార చెమ్మగిల్లుతుందేమోనని ఆ పని చేయలేదు. కొత్త మూతలు కొనవలసివస్తే ఈ పొదుపుకు అర్థమే ఉండదు. పొర దెబ్బతినకుండా ఈ వాసనను పూర్తిగా పోగొట్టే పద్ధతి ఏమిటో, స్వయంగా చేసి చూసినవారు దయచేసి చెప్పగలరా?