కోతపండుగ సహవాస దినం: పనుల పంపకం (పాత చిత్తూరు జిల్లా కుటుంబాలు, న్యూజెర్సీ)

సమన్వయం:
గ్రూపులో అందరికీ వందనాలు. నవంబరు రెండో శనివారం, హాలు ఉదయం 8 నుంచి సాయంత్రం 4 దాకా మనది. పిల్లాజెల్లాతో కలిపి 130 మందికి లెక్క వేసుకుంటున్నాం. వాక్యభాగం ఫిలిప్పీ 2:3-4, ఎదుటివాణ్ణి తనకంటె యోగ్యుడని ఎంచడం. ఇది బ్యానరు మీద రాసి, కింద ముందు వరసలో సోఫాలు వేస్తే పిల్లలు చదివేది సోఫాలనే. అందుకని మీ పని ఎలా చేయబోతున్నారో, ఆ వాక్యం అందులో ఎక్కడ కనబడుతుందో రెండూ రాయండి.

నా వంతు కుర్చీలు. యాకోబు 2:2-4లో బంగారు ఉంగరమున్నవాడికి మంచి చోటు, మాసిన బట్టలవాడికి కాళ్ల దగ్గర చోటు. హాల్లో అన్నీ ఒకే రకం కుర్చీలు. రెండే చోట్ల రిజర్వు కాగితం అంటిస్తాం: నడవ పక్కన వీల్‌చైర్లకు, తలుపు దగ్గర చంటిబిడ్డల తల్లులకు. శాలువాలు లేవు, దాతల పేర్లు చదవడం లేదు, వేదిక మీదికి పిలుపులు లేవు. పదిమందిని హోదాలతో పిలిచి కూర్చోబెడితే అరగంట పోతుంది. ఆ అరగంట చివర్లో పిల్లల నాటిక నుంచే కోసేస్తాం, ఎప్పుడూ అంతే.

రిజిస్ట్రేషన్ బల్ల:
బ్యాడ్జి మీద ఒక్క పేరే రాస్తాం. ఇంటిపేరు, ఊరు, ఏ మిషను అన్నవి అడగం. "పుంగనూరా? ఏ వీధి?" అని నవ్వుతూనే అడుగుతారు, ఆ ప్రశ్న దేనికోసమో ఇద్దరికీ తెలుసు. కొత్తవాళ్లను పలకరించాలంటే "ఇక్కడికొచ్చి ఎన్నాళ్లయింది, పిల్లలెంతమంది" చాలు.

ఫోటోల సంగతి కూడా. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం ఎస్సీ హోదా హిందువులకు, 1956 నుంచి సిక్కులకు, 1990 నుంచి బౌద్ధులకు మాత్రమే. క్రైస్తవం తీసుకున్న ఎస్సీలు ఆంధ్రలో బీసీ-సి కిందికి వస్తారు. కొందరి కాగితాలు ఒకలా, ఆరాధన ఒకలా ఉంటుంది. వాళ్ల ముఖం ఫేస్‌బుక్‌లో పెడితే ఊళ్లో తమ్ముడి సర్టిఫికెట్ మీద అర్జీ పడవచ్చు. అది మనం తీర్పు తీర్చే విషయం కాదు. ఫోటో వద్దన్నవాళ్ల బ్యాడ్జికి పచ్చ చుక్క. ఫోటోలు తీసేది ఇద్దరే, ఆల్బం లింకు పండుగకు వచ్చినవాళ్లకే. ఫేస్‌బుక్ లైవ్ లేదు.

వంట:
మెనూ: రాగిసంగటి, నాటుకోడి పులుసు, అన్నం, పప్పుచారు, ఉర్లగడ్డ కుర్మా, ఊరిబిండి (శెనక్కాయ పచ్చడి), పెరుగు, ఓళిగలు (బొబ్బట్లు). కోడి ఎముకతో 22 కిలోలు (శాకాహారులు 20 మంది అనుకుని), బియ్యం 9 కిలోలు. సంగటికి చిన్న ముద్దలు 130 కావాలి: నూకలు 2.5 కిలోలు, రాగిపిండి 3.5 కిలోలు. నూకలు ఒక గిన్నెకు ఆరు గిన్నెల నీళ్లు, రెండు గిన్నెల పిండి. నూకలు మెత్తగా ఉడికాక పిండి మధ్యలో కుప్పగా పోసి, మూతపెట్టి సన్నసెగ మీద పది నిమిషాలు కదపకుండా ఉంచాలి. ఆ పది నిమిషాలు ఓపిక పట్టక తెడ్డు పెడితే ఉండలు కడుతుంది, మళ్లీ విడవదు. ఒకే పెద్ద గుండిగలో వద్దు, గెలకలేరు. మూడు వాయిలుగా, చివరి వాయి 11:45కి దిగాలి. తడిగుడ్డ పరిచిన కూలర్ బాక్సులో పెట్టి మూస్తే గంటసేపు మెత్తగా ఉంటుంది, ఆ తర్వాత గట్టిపడుతుంది. ప్రసంగం పొడిగించే అయ్యగార్లకు ఈ గడువు ముందే చెప్పండి.

ఇంట్లో ముందురోజు వండి తెచ్చేవాళ్లకు: వేడి కూర 57 డిగ్రీల సెల్సియస్ నుంచి 21కి రెండు గంటల్లో, అక్కడి నుంచి 5కి మరో నాలుగు గంటల్లో దిగాలి. పెద్ద గిన్నె అలాగే ఫ్రిజ్‌లో పెడితే నడిమధ్య తెల్లారేదాకా వెచ్చగానే ఉంటుంది. లోతులేని ట్రేల్లో పోయండి. వడ్డించేచోట 57కి తగ్గకూడదు, థర్మామీటరు నా దగ్గరుంది. ఊరిబిండి లేనిదే మనకు సంగటి దిగదు గానీ, ఇక్కడ పుట్టిన పిల్లల్లో శెనక్కాయ పడనివాళ్లున్నారు. దానికి వేరే బల్ల, వేరే గరిటె, పెద్ద అక్షరాల్లో చీటీ. పులుసులో శెనక్కాయ పొడి వేయొద్దు.

ఇక వడ్డన. 1 కొరింథీ 11:21లో పౌలు మందలించింది సరిగ్గా ఇదే: ఎవరికివారు ముందే తినేశారు, కొందరు ఆకలితోనే ఉండిపోయారు. 33వ వచనంలో మందు కూడా ఉంది, ఒకరికోసం ఒకరు కనిపెట్టుకోండని. ఒక్క వరసయితే మనిషికి 15 సెకన్లు పట్టినా 130 మందికి అరగంట దాటుతుంది. రెండు వరసలు పెడతాం. చక్కెర జబ్బు ఉన్నవాళ్లు, ముసలివాళ్లు, పసిబిడ్డల తల్లులు ముందు. పాస్టర్లు, కమిటీ అందరితోపాటే. శనివారం షిఫ్టు ముగించుకుని 2 గంటలకొచ్చే విద్యార్థులు పన్నెండుమంది ఉన్నారు. వాళ్ల భోజనం, గిన్నెలు తోమేవాళ్ల భోజనం గంట కొట్టకముందే డబ్బాల్లో కట్టి పేర్లు రాసి వెచ్చని పెట్టెలో పెడతాం. మిగిలింది కాదు, ముందు తీసింది.

విద్యార్థుల తరఫున:
అక్కా, ఆ పన్నెండు పద్నాలుగయింది. ఇంకోటి, కమిటీలో మావాళ్లు లేరు, తమిళంలో ఆరాధించే కుటుంబాల వాళ్లూ లేరు. నగరి, గుడిపాల వైపు నుంచి ఐదు కుటుంబాలు వస్తున్నాయి. అన్ని ప్రకటనలూ తెలుగులోనే పోతున్నాయి.

సమన్వయం:
సరైన మాట. అపొస్తలుల కార్యములు 6లో సణుగు వచ్చింది కూడా వడ్డన దగ్గరే, భాష పేరుమీదే. గ్రీకు మాట్లాడే విధవరాండ్రను రోజువారీ పంపకంలో చిన్నచూపు చూశారని. అపొస్తలులు సర్దిచెప్పి పంపలేదు. ఏడుగుర్ని ఎంచుకోమన్నారు. స్తెఫను, ఫిలిప్పు, ప్రొకొరు, నీకానోరు, తీమోను, పర్మెనాసు, నీకొలాసు: ఏడూ గ్రీకు పేర్లే. ఫిర్యాదు చేసిన వైపుకే గరిటె అప్పగించారన్నమాట. మనమూ అంతే. వడ్డన బాధ్యత ఇద్దరికి: మీలో ఒకరు, నగరి కుటుంబాల నుంచి ఒకరు. సహాయానికి కాదు, నిర్ణయం వాళ్లదే. ప్రకటనలు ఇవాళ్టి నుంచి రెండు భాషల్లో.

పాటలు, పిల్లలు:
ఆంధ్ర క్రైస్తవ కీర్తనల నుంచి నాలుగు పాటలు. లూథరన్‌ అయినా, సీఎస్‌ఐ (దక్షిణ భారత సంఘం) అయినా, బాప్టిస్టులయినా అందరికీ నోటికొచ్చినవే. తెరమీద తెలుగు లిపి, కింద ఇంగ్లిషు అక్షరాల్లో అదే సాహిత్యం. ఒక్కో స్లైడుకు నాలుగు పంక్తులు మించొద్దు, వెనక కూర్చున్న అవ్వకు కనబడాలి. ఒక తమిళ పాట కూడా కలిపాను. మైకు ఒకళ్ల చేతిలోనే ఉండిపోకుండా పాటకొకరు నడిపిస్తారు.

ప్రభువు బల్ల (రొట్టె, ద్రాక్షారసం పంచుకునే ఆరాధన) పెట్టుకుందామా అని ముగ్గురు అడిగారు. ఏమంటారు?

తిరుపతి నుంచి:
వద్దు తల్లీ. చిత్తూరు, మదనపల్లె వైపు సువార్త ఎక్కువగా 1853లో స్కడర్ సోదరులు మొదలుపెట్టిన ఆర్కాటు మిషను ద్వారా వచ్చింది, అది అమెరికా రిఫార్మ్డ్ సంఘం పని. తిరుపతి, కాళహస్తి, పుత్తూరు వైపు జర్మనీ హెర్మన్స్‌బర్గ్ లూథరన్ మిషను. తర్వాత బాప్టిస్టులు, బ్రదరన్, పెంతెకొస్తు. పసిబిడ్డలకు బాప్తిస్మం ఉందా, పాత్ర ఒకటా చిన్న గ్లాసులా, పులిసిన ద్రాక్షారసమా పులియని రసమా, ప్రతిదానికీ వేరే జవాబు. దక్షిణ భారత సంఘమే 1919లో తరంగంబాడిలో మాట మొదలై 1947 సెప్టెంబరు 27కి గానీ ఏర్పడలేదు, అప్పుడూ లూథరన్లు, బాప్టిస్టులు బయటే ఉన్నారు. మీరు ఒక జూమ్ కాల్‌లో తేల్చలేరు. బల్ల ఎవరి సంఘంలో వాళ్లు తీసుకుంటారు. మీరు ప్రేమవిందు పెట్టుకోండి, ప్రార్థనతో మొదలుపెట్టి.

ఇంకో సంగతి. ఇక్కడినుంచి వచ్చే స్నేహితులు కొందరు తిరుమల లడ్డూ తెస్తారు, అభిమానంతోనే. కొందరు విశ్వాసులు తింటారు, కొందరు తినరు. రోమా 14:3 రెండు వైపులా చెప్పింది: తినేవాడు తిననివాణ్ణి తృణీకరించకూడదు, తిననివాడు తినేవాడికి తీర్పు తీర్చకూడదు. తెచ్చినవాళ్లకు రెండు చేతులతో దండం పెట్టి తీసుకోండి. తర్వాత ఎవరు తిన్నారన్నది బల్ల దగ్గర చర్చకు రాకూడదు. పిల్లల ముందు వెటకారం అసలే వద్దు.

అయ్యగారి సందేశం వీడియోలో ఉదయం 10కి పెట్టండి. గడియారాలు జాగ్రత్త. మీకు నవంబరు మొదటి ఆదివారం గంట వెనక్కి జరుగుతుంది, మాకు జరగదు. ఇప్పుడు తేడా తొమ్మిదిన్నర గంటలు, ఆ రోజుకు పదిన్నర. మీ 10 మాకు రాత్రి 8:30. మధ్యాహ్నానికి నెడితే ఇక్కడ పదిన్నర దాటుతుంది, పెద్దాయన కూర్చోలేరు.

లెక్కలు:
కోతపండుగకు అందరూ తెచ్చే వస్తువుల వేలం సంగతి. ఊళ్లో లాగా అరుపుల పాట పెడితే గుమ్మడికాయ 200 డాలర్లకు పోతుంది, కొత్తిమీర కట్ట తెచ్చినామె వెనక్కి జరుగుతుంది. మార్కు 12లో విధవరాలు వేసినవి రెండు కాసులు. నా ప్రతిపాదన: ప్రతి వస్తువు ముందు కవరు, చీటీమీద ధర రాసి వేయడం. తెరిచి వస్తువు నంబరు మాత్రం చెబుతాం.

వంట:
అన్నా, అరుపు లేకపోతే అది కోతపండుగేనా? పిల్లలకు మిగిలే జ్ఞాపకమే అది.

లెక్కలు:
సరే. ఐదు వస్తువులు పాట, మిగతావి చీటీ. పాటకు 50 డాలర్ల గరిష్ఠం. అంతకొస్తే అక్కడే ఆపి, 50 అన్నవాళ్లందరి పేర్లతో పిల్లల చేత చీటీ తీయిస్తాం.

డబ్బు ఎక్కడికి అన్నది జాగ్రత్తగా చదవండి. చిత్తూరు దగ్గర చర్చి పైకప్పుకు పంపుదామని, అయ్యగారి ఖాతాలో వేద్దామని ఇద్దరు రాశారు. కుదరదు. మన సంఘం ఇక్కడ రిజిస్టరైంది, అంటే భారత చట్టానికి విదేశీ మూలం. తీసుకునే సంస్థకు ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల నియంత్రణ చట్టం) రిజిస్ట్రేషన్ గానీ ముందస్తు అనుమతి గానీ ఉండాలి, 2020 సవరణ నుంచి డబ్బు మొదట ఢిల్లీ ఎస్‌బీఐ మెయిన్ బ్రాంచిలోని ప్రత్యేక ఖాతాలోనే పడాలి. రిజిస్ట్రేషన్ ఉన్న ఇంకో సంస్థ ద్వారా తిప్పడమూ అదే సవరణతో ఆగింది. సొంత ఖాతాకు పంపితే ఇరుక్కునేది అయ్యగారే. భారత పాస్‌పోర్టు ఉన్నవాళ్లు తమ సొంత ఆదాయం నుంచి బ్యాంకు ద్వారా ఇచ్చేది వేరు, అది విదేశీ విరాళం కాదు. ఓసీఐ కార్డు ఉన్న విదేశీ పౌరులకు ఆ వెసులుబాటు లేదు. కాబట్టి వేలం డబ్బు ఇక్కడి విద్యార్థుల అత్యవసర నిధికి. కప్పుకు ఇవ్వాలనుకునే భారత పౌరులు విడిగా, నేరుగా చర్చి ఖాతాకు పంపుకోవచ్చు.

2 కొరింథీ 8:20-21లో పౌలు చందా ఒక్కడే మోయలేదు, నింద రాకుండా తోడు మనుషుల్ని పెట్టుకున్నాడు. పెట్టె తెరిచేటప్పుడు బంధుత్వం లేని ఇద్దరు, ఇద్దరి సంతకాలు, సోమవారం బ్యాంకులో జమ. ఎవరి సొంత జెల్ (ఫోను నంబరుతో డబ్బు పంపే సేవ) నంబరూ పోస్టరు మీద ఉండకూడదు. 250 డాలర్లు, ఆపైన ఇచ్చినవాళ్లకు రాతపూర్వక రసీదు. వేలంలో కొన్నదానికి మార్కెట్ ధరకన్నా ఎక్కువ ఇచ్చినంత వరకే విరాళం. లెక్క వారంలోపు ఇక్కడే పెడతాను, ఖర్చులతో సహా.

సమన్వయం:
చివరగా ఫిర్యాదులు. ఈ గ్రూపులో ఎవరిమీదా రాయొద్దు. మత్తయి 18:15-17 వరసే మన నియమం: ముందు ఆ మనిషికే ఫోను, మెసేజీ కాదు, మెసేజీకి గొంతు ఉండదు. తేలకపోతే ఒకరిద్దరితో కలిసి. అప్పటికీ తేలకపోతే కమిటీకి. పండుగనాడు ఏదైనా తేడా వస్తే హాల్లో ఎవరూ వాదించొద్దు, పార్కింగ్ వైపు బాధ్యుల్ని పిలవండి.

వంట:
స్టవ్ బర్నర్లు రెండు తక్కువున్నాయి. హాలు వంటగదిలో వేడిచేయడానికే అనుమతి, సంగటి బయట షామియానా కిందే. 20 పౌండ్ల గ్యాసు సిలిండర్లు రెండు, ఇనుప స్టాండు ఒకటి ఎవరిదగ్గరున్నాయి? గురువారం లోపు చెప్పండి, లేదంటే అద్దెకు తెస్తాను.