దోషి చనిపోయాక విశ్వవిద్యాలయం దేనికి జవాబు చెప్పాలి? ఒహాయో స్టేట్ ఉదంతంపై ఒక సందేహం

కొలంబస్ వాసి:

అందరికీ నమస్కారం. మా అమ్మాయి ఈ ఏడాది ఒక కాలేజీ ఈత జట్టులో చేరుతోంది. జట్టు వైద్యుడి దగ్గర చేయించుకోవలసిన పరీక్షల కాగితాలు ఇంటికి వచ్చినప్పుడు, మా ఊళ్ళోనే ఉన్న ఒహాయో స్టేట్ విశ్వవిద్యాలయంలో డాక్టర్ రిచర్డ్ స్ట్రాస్ చేసిన అఘాయిత్యాలు గుర్తుకువచ్చి, వాటి గురించి దొరికినంతవరకు చదివాను. ఆయన 1978 నుంచి 1998 వరకు అక్కడ పనిచేశారు, 2005లో ఆత్మహత్య చేసుకున్నారు. 2018లో ఒక పూర్వ కుస్తీ క్రీడాకారుడు బయటపడి మాట్లాడాకే విషయం లోకానికి తెలిసింది. విశ్వవిద్యాలయమే నియమించిన న్యాయసంస్థ 2019 మేలో ఇచ్చిన నివేదిక, వైద్య పరీక్షల పేరుతో ఆయన కనీసం 177 మంది విద్యార్థులపై లైంగిక దాడికి పాల్పడ్డారనీ, 1979 నాటికే కొందరు సిబ్బందికి ఆ సంగతి తెలుసుననీ తేల్చింది.

నా సందేహం ఇది. చేసినవాడు లేడు, ఆనాటి అధికారులలో చాలామంది ఇప్పుడు ఉద్యోగాలలో లేరు. అలాంటప్పుడు సంస్థ బాధ్యత వహించడమంటే ఇప్పటి ఖజానా నుంచి డబ్బు కట్టడమేనా? ఇన్నేళ్ళ తరువాత కేసు చట్టం ముందు నిలుస్తుందా?

పాత ప్లీడరు:

మీ రెండో ప్రశ్నతో మొదలుపెడతాను, ఎందుకంటే అసలు పోరాటమంతా అక్కడే జరిగింది. విద్యలో లింగ వివక్షను నిషేధించే అమెరికా కేంద్ర చట్టం టైటిల్ 9 కింద దావా వేసేది దాడి చేసిన వ్యక్తి మీద కాదు, ప్రభుత్వ నిధులు తీసుకునే విద్యాసంస్థ మీద. చర్య తీసుకునే అధికారం ఉన్నవారికి విషయం నిజంగా తెలిసి ఉండాలి, తెలిసి కూడా ఉదాసీనంగా ఉండిపోయి ఉండాలి. ఈ కొలబద్దను అమెరికా సుప్రీంకోర్టు 1998లో ఖరారు చేసింది. ఒహాయోలో అలాంటి దావాకు గడువు రెండేళ్ళు. విశ్వవిద్యాలయం ఈ గడువునే పట్టుకుంది, కేసులకు ఎప్పుడో కాలదోషం పట్టిందని వాదించింది, 2021లో జిల్లా న్యాయమూర్తి ఆ వాదనను ఒప్పుకుని వాటిని కొట్టివేశారు.

2022 సెప్టెంబరులో ఆరో సర్క్యూట్ అప్పీలు కోర్టు ఆ తీర్పును తిరగతిప్పింది. తన మీద జరిగినది వైద్యం కాదని విద్యార్థికి తెలియడం ఒకటి, విశ్వవిద్యాలయానికి ముందే తెలిసి ఊరుకుందని తెలియడం మరొకటి. సంస్థ మీద వేసే దావాకు ఈ రెండోది తెలిసినప్పటి నుంచే కాలం లెక్కకు వస్తుందని, 2018కి ముందు ఆ సంగతి తమకు తెలియదన్న విద్యార్థుల మాటను విచారణకు ముందే తోసిపుచ్చడం కుదరదని ఆ కోర్టు చెప్పింది. 2023 జూన్‌లో సుప్రీంకోర్టు ఇందులో జోక్యం చేసుకోవడానికి నిరాకరించింది. దాచిపెట్టినవాడికి దాచిపెట్టినంత కాలమూ లాభంగా మిగలకూడదన్నది దీని సారాంశమని నేను అర్థం చేసుకున్నాను. వృత్తిలో ఇంతకాలం ఉన్నా, కాలదోషం గురించి ఇంత శుభ్రమైన తర్కం నేను అరుదుగా చూశాను.

సందేహి:

ఎవరినీ నొప్పించాలని కాదు గానీ, అడగకుండా ఉండలేకపోతున్నాను. వీరంతా ఇరవై ఏళ్ళ వయసున్న కుస్తీవీరులు. ఒక వైద్యుడిని అడ్డుకోలేకపోయారా? ఇరవై ఏళ్ళలో ఎవరూ నోరు విప్పలేదా?

విశ్రాంత పీడీ, గుంటూరు:

సందేహి గారూ, ముప్పై ఏళ్ళకు పైగా కాలేజీలో ఫిజికల్ డైరెక్టర్‌గా పనిచేసినవాడిగా చెబుతున్నాను. జట్టులో ఉన్న పిల్లవాడికి కోచ్ మాట వేదం, ఆడడానికి పనికివస్తావని డాక్టరు సంతకం పెడితేనే మైదానం. అక్కడ స్కాలర్‌షిప్ కూడా ఆ సంతకానికి ముడిపడి ఉంటుంది. పైగా మగపిల్లవాడు తనకు ఇలా జరిగిందని చెబితే ముందుగా నవ్వేది పక్కనున్న మగపిల్లలే. బలానికీ దీనికీ సంబంధం లేదండీ.

ఇక నోరు విప్పలేదన్నది వాస్తవం కాదు. ఫెన్సింగ్ జట్టు కోచ్ ఒకావిడ గట్టిగా పట్టుబట్టి, 1994లో ఆయనను తన జట్టు నుంచి తప్పించగలిగారు. ఆ ఒక్క జట్టు నుంచే. మిగతా జట్లకు ఆయనే వైద్యుడు. 1996లో విద్యార్థుల ఫిర్యాదుల మీద విచారణ జరిపి, ఆరోగ్య కేంద్రం నుంచీ క్రీడావిభాగం నుంచీ తీసేశారు గానీ పోలీసులకు చెప్పలేదు, అధ్యాపక పదవి అలాగే ఉంచారు. ఆయన క్యాంపస్ బయట సొంత క్లినిక్ తెరుచుకున్నారు. 1998లో పదవీ విరమణ చేసినప్పుడు ఎమెరిటస్ (విరమణ తరువాత కూడా పదవి పేరు నిలుపుకునే) గౌరవం కూడా ఇచ్చారు, దాన్ని రద్దు చేసింది 2019లో.

ఆన్ ఆర్బర్ పూర్వ విద్యార్థి:

పీడీ సార్ చెప్పినదానికి మా మిషిగన్ విశ్వవిద్యాలయం నుంచి అచ్చు గుద్దినట్టున్న ఉదాహరణ ఉంది. అక్కడ డాక్టర్ రాబర్ట్ ఆండర్సన్ 1966 నుంచి 2003 వరకు పనిచేశారు. 1975లో ఆయన మీద కోచ్‌కు ఉత్తరం రాసిన కుస్తీ విద్యార్థిని జట్టు నుంచి తీసేశారు. ఆ తరువాత కొన్నేళ్ళకు విద్యార్థుల ఆరోగ్య కేంద్రం నుంచి ఆండర్సన్‌ను తప్పించి, క్రీడావిభాగానికి పంపారు, అంటే కాదనే వీలు అతి తక్కువగా ఉన్న పిల్లల దగ్గరికే పంపారన్నమాట. 2018లో ఆ పాత కుస్తీ విద్యార్థే మళ్ళీ ఉత్తరం రాస్తే అప్పుడు పోలీసు విచారణ మొదలైంది. ఆండర్సన్ చనిపోయి అప్పటికే పదేళ్ళు.

డబ్బు విషయానికొస్తే, 2022 జనవరిలో మిషిగన్ సుమారు 1,050 మందికి 49 కోట్ల డాలర్లు ఒప్పుకుంది. ఒహాయో స్టేట్ 2020లో 162 మందికి 4 కోట్ల 9 లక్షలు. తలసరి చూస్తే మిషిగన్‌లో నాలుగున్నర లక్షలు దాటింది, ఒహాయోలో రెండున్నర లక్షల దగ్గర ఆగింది. మా రాష్ట్రంలోనే ఉన్న మరో విశ్వవిద్యాలయం మిషిగన్ స్టేట్, అక్కడి క్రీడా వైద్యుడు లారీ నాసర్ వైద్యం పేరుతో అమ్మాయిలపై చేసిన లైంగిక దాడుల ఉదంతంలో 2018లో 332 మందికి ఒప్పుకున్న 42.5 కోట్లను పంచితే పన్నెండున్నర లక్షలు మించుతుంది. గాయంలో ఇంత తేడా ఉందని నేను అనుకోను. నాసర్ బతికి ఉన్నాడు, 156 మంది కోర్టులో ఏడు రోజులపాటు చెప్పిన మాటలను దేశమంతా విన్నది. చనిపోయిన డాక్టరు, ఫిర్యాదు చేసినవారు మగవారు; ఈ రెండూ కలిస్తే లెక్క తగ్గిపోతుందేమోనన్నది నా అనుమానం.

కొలంబస్ వాసి:

వివరంగా రాసినందుకు అందరికీ కృతజ్ఞతలు. అయితే మిషిగన్ స్టేట్‌లో డబ్బుతో పాటు వ్యక్తులు కూడా శిక్ష అనుభవించారా?

పాత ప్లీడరు:

కొంతవరకే. 2014లో నాసర్ మీద వచ్చిన ఫిర్యాదును, ఆయన సహోద్యోగులైన వైద్యులనే సంప్రదించి, అది వైద్యమేనని కొట్టిపారేశారు. పోలీసు విచారణ నడుస్తుండగానే రోగులను చూడనిచ్చారు. ఆయన పై అధికారి అయిన డీన్ విలియం స్ట్రాంపెల్‌కు, తన మీదున్న వేరే అభియోగాలతో పాటు విధి నిర్వహణలో నిర్లక్ష్యానికి కూడా 2019లో ఏడాది జైలు పడింది. అధ్యక్షురాలు 2018 జనవరిలో రాజీనామా చేశారు. కేంద్ర విద్యాశాఖ 45 లక్షల డాలర్ల జరిమానా వేసింది. కోచ్ ఒకరికి పోలీసులతో అబద్ధం చెప్పారని పడిన శిక్షను మాత్రం అప్పీలు కోర్టు కొట్టివేసింది.

మన దగ్గర పోక్సో చట్టం 21వ సెక్షన్, తన కింద పనిచేసేవాడి నేరాన్ని పోలీసులకు చెప్పని సంస్థ అధిపతికి ఏడాది వరకు జైలు అంటోంది. ఇంటర్ పిల్లలలో చాలామంది పద్దెనిమిది నిండనివారే కాబట్టి, పీడీ గారు పనిచేసినలాంటి చోట్ల ఇది నేరుగా వర్తిస్తుంది. డిగ్రీకి వచ్చాక ఆ రక్షణ జారిపోతుంది.

ఇంకొక్క మాట. న్యాయవాదితో జరిగిన సంప్రదింపులు గోప్యమంటూ మిషిగన్ స్టేట్ దాదాపు 6,000 పత్రాలను రాష్ట్ర అటార్నీ జనరల్‌కు ఏళ్ళ తరబడి ఇవ్వలేదు. 2023 డిసెంబరులో పాలకమండలి ఒప్పుకుంది, పత్రాలు అందాయి, 2024 సెప్టెంబరులో వాటిలో కొత్తగా ఏమీ లేదంటూ అటార్నీ జనరల్ విచారణ ముగించారు. ఏమీ లేనివాటిని అన్నేళ్ళు ఎందుకు పట్టుకు కూర్చున్నారో ఆ బాధితులకు ఇప్పటికీ ఎవరూ చెప్పలేదు.