టిఫిన్ సెంటర్‌కు నోటీసు వచ్చింది, రేటింగ్ తీసుకుంటే పోతుందా?

ప్రశ్న (కరకంబాడి రోడ్డు టిఫిన్)

అందరికీ నమస్కారం. తిరుపతి కరకంబాడి రోడ్డులో మాది చిన్న టిఫిన్ సెంటర్. నేను, మా ఆయన, ఒక దోశ మాస్టర్, గిన్నెలు కడిగే అమ్మాయి, అంతే. తెల్లవారి నాలుగున్నరకు పొయ్యి వెలిగిస్తే పదింటికల్లా పిండి అయిపోతుంది.

పోయిన మంగళవారం ఏడున్నరకు ఫుడ్ సేఫ్టీ ఆఫీసర్ వచ్చారు. బాండ్లిలో వడలు వేగుతున్నాయి, బయట జనం నిలబడి ఉన్నారు. లైసెన్సు చూశారు. చట్నీ బకెట్ నేల మీద ఉందని, పిండి గిన్నెకు మూత లేదని రాసుకున్నారు. మాస్టర్ మెడికల్ సర్టిఫికెట్, నీళ్ల టెస్టు రిపోర్టు అడిగారు. రెండూ లేవు. నిన్న నోటీసు వచ్చింది, 15 రోజుల్లో సరిచేసుకోవాలట.

ఈరోజు పొద్దున ఎవరో ఫోన్ చేసి, "18 వేలు కడితే ఐదు రేటింగ్ ఇప్పిస్తాం, నోటీసు దానంతట అదే పోతుంది" అన్నారు. మా ఆయన కట్టేద్దామంటున్నారు. నాకు టెన్షన్‌తో నిద్ర లేదు. షాపు మూయిస్తారా?

జవాబు 1 (తిరుచానూరు మెస్)

అక్కా, ముందు ఆ ఫోన్ మనిషికి రూపాయి కూడా ఇవ్వొద్దు. నోటీసు వేరు, రేటింగ్ వేరు. హైజీన్ రేటింగ్ అంటే షాపు శుభ్రతకు ఇచ్చే గ్రేడు, అది మనంతట మనం అడిగి తీసుకునేది. ఎఫ్ఎస్ఎస్ఏఐ (ఆహార భద్రత చూసే కేంద్ర సంస్థ) గుర్తించిన ఏజెన్సీ ఆడిటర్ షాపుకు వచ్చి చూసి, ఒకటి నుంచి ఐదు దాకా ఇస్తారు. అది ఉన్నా నోటీసుకు జవాబు ఇవ్వాల్సిందే.

మూడేళ్ల కింద నాకూ వచ్చింది ఇదే నోటీసు. 2006 ఆహార భద్రత చట్టం 32వ సెక్షన్ కింద ఇస్తారు. ఏది బాగాలేదో, ఏం చేయాలో అందులోనే రాసి ఉంటుంది. కనీసం 14 రోజులు గడువు ఇవ్వాలి. ఆ గడువులో ఏమీ చేయకపోతేనే లైసెన్సు సస్పెండ్ దాకా పోతుంది. కాబట్టి ఇప్పుడు భయపడాల్సింది లేదు, కానీ ఒక్క రోజు కూడా వదలొద్దు.

నేను చేసింది చెప్తాను. మా ముగ్గురు పనివాళ్లను ఒకే రోజు డాక్టర్ దగ్గరికి తీసుకుపోయాను. ఏడాదికోసారి ఈ పరీక్ష చేయించాలి, టైఫాయిడ్ టీకా కూడా వేయించాలి. మాది బోరు నీళ్లు. ల్యాబ్‌లో ఇచ్చి రిపోర్టు తెచ్చుకున్నాను, ఇప్పుడు ఆరు నెలలకోసారి చేయిస్తున్నాను. మీరు నీళ్ల రిపోర్టును చిన్న విషయం అనుకోవద్దు. హోటళ్ల తనిఖీకి ఫుడ్ సేఫ్టీ ఆఫీసర్లు వాడే చెక్‌లిస్టులో మొత్తం 114 మార్కులు. మామూలు అంశానికి రెండు, స్టార్ గుర్తు ఉన్నదానికి నాలుగు. నీళ్లకు స్టార్ ఉంది. స్టార్ ఉన్నది ఒక్కటి తప్పినా మిగతా మార్కులు ఎన్ని వచ్చినా లాభం లేదు.

చట్నీ సంగతి కూడా. కొబ్బరి చట్నీ పొద్దున నాలుగింటికి రుబ్బి పదింటిదాకా బకెట్లో పెడితే పాడవకుండా ఎలా ఉంటుందక్కా? వేడిగా వడ్డించేది 60 డిగ్రీల పైన, చల్లగా ఉండాల్సింది 5 డిగ్రీల లోపల ఉండాలని నియమం. నేను ఒక్కసారే రుబ్బడం మానేసి మూడు విడతలు చేశాను. పని పెరిగింది, మాస్టర్ గొణిగాడు. కానీ మిగిలిపోయి పారబోసేది తగ్గింది. బకెట్లకు జానెడు ఎత్తు స్టీలు స్టాండు చేయించాను.

అన్నీ అయ్యాక ఫొటోలు, సర్టిఫికెట్ల కాపీలు పెట్టి, నోటీసు నంబరు వేసి రాతపూర్వకంగా జవాబు ఇచ్చాను. ఆఫీసులో ముద్ర వేయించుకున్న కాపీ ఇప్పటికీ నా దగ్గరే ఉంది.

జవాబు 2 (బాలాజీ కాలనీ)

నేను ల్యాబ్‌లో పని చేసి రిటైరయ్యాను. అమ్మా, మీ దగ్గర శాంపిల్ తీసుకోలేదు కదా? తీసుకునేటప్పుడు దాని ధర మీకు కట్టి, నాలుగు భాగాలు చేసి సీలు వేయాలి. ఒకటి ఫుడ్ అనలిస్టుకు, అంటే ఆహారం పరీక్షించే అధికారికి, పోతుంది. మీరు అడిగితే ఇంకో భాగాన్ని గుర్తింపు ఉన్న వేరే ల్యాబ్‌కు పంపుతారు. ఈసారి వస్తే ఇది గుర్తుపెట్టుకోండి.

వడల నూనె గురించి ఎవరూ చెప్పలేదు. నూనెలో పోలార్ పదార్థాలు (నూనె మళ్లీ మళ్లీ కాగితే పెరిగేవి) 25 శాతం దాటితే వాడకూడదని 2018 జూలై నుంచి నియమం ఉంది. మాడి నల్లబడి, నురగ కడుతున్న నూనెలో కొత్త నూనె కలిపి సర్దుకోవద్దు. మీ వడలు తినే వాళ్లలో అలిపిరి మెట్లెక్కే పెద్దవాళ్లు కూడా ఉంటారు.

కరకంబాడి రోడ్డు టిఫిన్

అన్నా, సార్, ఇద్దరికీ దండాలు. ఫోన్ నంబరు బ్లాక్ చేశాను. మా ఆయన మాస్టర్‌ను, అమ్మాయిని తీసుకుని డాక్టర్ దగ్గరికి పోయారు. నేను బోరు నీళ్లు సీసాలో పట్టి ల్యాబ్‌కు బయలుదేరుతున్నాను. సీసా మామూలుది పనికొస్తుందా, వాళ్లే ఇస్తారా?

జవాబు (బాలాజీ కాలనీ)

మామూలుది వద్దమ్మా. సూక్ష్మక్రిముల పరీక్షకు వాళ్లిచ్చే స్టెరైల్ (క్రిములు లేకుండా చేసిన) సీసాలోనే పట్టాలి. ముందు ల్యాబ్‌కు పోయి ఖాళీ సీసా తెచ్చుకోండి, కుళాయి మూతిని మంటతో కాల్చి, కాసేపు నీళ్లు వదిలాక పట్టండి. ఆ రోజే అప్పగించండి.